టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్, మన ఇంటి మీద పడే పన్ను: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్‌లో ఇంటి విలువ చెప్పే అప్రైజల్ నోటీసు, అక్టోబరులో పన్ను బిల్లు. ఈ రెండూ వచ్చినప్పుడల్లా డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల మధ్య ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. "ఇంటి విలువ అంత పెంచారు కదా, మరి బడిలో టీచర్లను ఎందుకు తగ్గిస్తున్నారు?" అన్నది అందులో అందరికంటే ముందుండే ప్రశ్న. ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, అలెన్, మెకిన్నీ, ప్రాస్పర్‌లలో మన పిల్లలు వేల సంఖ్యలో చదువుతున్నారు. ఆ బడుల లెక్క అర్థమైతేనే కోపం ఎవరి మీద చూపాలో, ఓటు ఎటు వేయాలో తేలుతుంది. కింద చెప్పిన లెక్కల్లో పన్ను రేట్లు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ బిల్లు మీద ఉన్న రేటు పెట్టి మళ్లీ కట్టుకోండి.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సిటీలో ఒక శాఖా?

కాదు. అది సిటీతోనూ కౌంటీతోనూ సంబంధం లేని వేరే స్థానిక ప్రభుత్వం. దానికి సొంత బోర్డు, సొంత బడ్జెట్, సొంతంగా పన్ను వేసే అధికారం ఉంటాయి. బోర్డులో మామూలుగా ఏడుగురు ట్రస్టీలు ఉంటారు. వాళ్లు ప్రజలు ఎన్నుకున్నవాళ్లు, జీతం తీసుకోకుండా పనిచేసేవాళ్లు. బడి నడిపే బాధ్యత వాళ్లు నియమించుకున్న సూపరింటెండెంట్‌ది.

డిస్ట్రిక్ట్ సరిహద్దులు ఊరి సరిహద్దులతో కలవవు. ఫ్రిస్కో సిటీలో ఇల్లు ఉన్నంత మాత్రాన మీరు ఫ్రిస్కో ఐఎస్‌డీలో (ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టులో) ఉన్నట్టు కాదు. ఆ ఊళ్లోనే కొన్ని వీధులు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి. మరోవైపు ఫ్రిస్కో ఐఎస్‌డీ ప్లేనో, మెకిన్నీ ఊళ్లలోకి కూడా విస్తరించి ఉంది. ఇల్లు కొనేముందు, ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో చిరునామా కొట్టి ఏ స్కూల్ డిస్ట్రిక్టో చూసుకోండి. ఏజెంటు మాట మీద, ఊరి పేరు మీద ఆధారపడవద్దు.

మనవాళ్లకు ఇది కొత్తగా ఉండడం సహజం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ బడి టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఇంటి పన్ను మునిసిపాలిటీకో పంచాయతీకో వెళ్తుంది.  టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు కాబట్టి బడుల బరువులో పెద్ద భాగం ఇంటి మీదే పడుతుంది.

బిల్లులో స్కూల్ వాటా ఎంత?

చాలా చోట్ల దాదాపు సగం. బిల్లు తెరిస్తే సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ వరుసలు కనిపిస్తాయి. కొలిన్ కౌంటీలో అయితే కొలిన్ కాలేజీ వరుస కూడా ఉంటుంది. కొత్త కాలనీల్లో మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పన్ను అదనంగా ఉండవచ్చు. అది నీటి లైన్లు, మురుగునీటి లైన్ల అప్పు తీర్చడానికి వేసేది, బడికి సంబంధం లేదు. మొత్తం బిల్లు చూసి స్కూలును తిట్టే ముందు ఆ ఒక్క వరుస మీద వేలు పెట్టి చూడండి.

స్కూల్ రేటులో రెండు భాగాలు ఉంటాయంటారు. అవేమిటి?

మొదటిది ఎం అండ్ ఓ. అంటే నిర్వహణ: జీతాలు, కరెంటు, బస్సులు, పుస్తకాలు. రెండోది ఐ అండ్ ఎస్. అంటే ఓటర్లు ఆమోదించిన బాండ్ల అసలు, వడ్డీ. రెండూ కలిపి ప్రతి 100 డాలర్ల పన్ను విలువకు ఇంత అని రేటు చెబుతారు.

నిర్వహణ బడ్జెట్‌లో సింహభాగం, చాలా డిస్ట్రిక్టుల్లో నూటికి 80 పైగా, జీతాలకూ ఉద్యోగుల ప్రయోజనాలకూ పోతుంది. అందుకే "ఖర్చు తగ్గించండి" అన్న మాట చివరికి "మనుషులను తగ్గించండి" అన్నదానికి చేరుతుంది. కాగితాలు, కాఫీ ఆపితే పూడే లోటు కాదది.

చట్ట ప్రకారం బోర్డు మూడు నిధులకు బడ్జెట్ ఆమోదించాలి: సాధారణ నిధి, అప్పుల చెల్లింపు నిధి, పిల్లల భోజన నిధి. బడ్జెట్ పత్రం వందల పేజీలు ఉన్నా ముందు ఈ మూడు మొత్తాలు పట్టుకుంటే చాలు, దారి దొరుకుతుంది.

టీచర్లకు డబ్బు లేదంటూనే స్టేడియం ఎలా కడతారు?

స్టేడియం డబ్బు ఐ అండ్ ఎస్ వైపు నుంచి వస్తుంది. బాండ్ల డబ్బుతో జీతాలు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. అలెన్‌లో 6 కోట్ల డాలర్ల స్టేడియం 2012లో తెరిచారు. దానికి డబ్బు 2009లో ఓటర్లు ఒప్పుకున్న 11.9 కోట్ల డాలర్ల బాండ్ల నుంచి వచ్చింది. ఆ బాండ్లు ఓడిపోయి ఉంటే పన్ను భారం తగ్గేది. ఒక్క టీచరు జీతం మాత్రం పెరిగేది కాదు.

అయితే అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ కట్టడం అవసరమా, దీని కోసం ఇరవై ఏళ్లకు పైగా వడ్డీ కట్టడానికి మనం సిద్ధమా? ఈ ప్రశ్న విడిగా అడిగే వీలు 2019లో వచ్చింది. పెద్ద స్టేడియాలు, ఈత కొలనులు, టెక్నాలజీ కొనుగోళ్ల లాంటివి ఇప్పుడు బ్యాలెట్ మీద వేరు వేరు ప్రతిపాదనలుగా పెట్టాలి. తరగతి గదులకు అవునని, స్టేడియానికి కాదని ఓటు వేయవచ్చు. స్కూల్ బాండ్ల బ్యాలెట్ మీద "ఇది ఆస్తి పన్ను పెంపు" అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలని కూడా అదే ఏడాది చట్టం చేశారు. కొత్త బాండ్ల వల్ల రేటు మారదని డిస్ట్రిక్ట్ చెప్పినా ఆ వాక్యం ఉంటుంది. కాబట్టి అది చూసి కంగారు పడవద్దు, దాన్ని పట్టించుకోకుండానూ వదలవద్దు. రేటు పెరుగుతుందా లేదా అని అంకె అడగండి.

నా ఇంటి విలువ పెరిగితే మా బడికి ఎక్కువ డబ్బు వస్తుందా?

దాదాపుగా రాదు. ఈ పేజీ అంతటిలో ఒక్క జవాబే గుర్తు పెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

ఒక డిస్ట్రిక్టుకు ఏడాదికి ఎంత రావాలో ఆస్టిన్‌లో శాసనసభ చేసిన సూత్రం నిర్ణయిస్తుంది. దాని పునాది ఒక్కో పిల్లవాడికి ఇచ్చే మూల మొత్తం, బేసిక్ అలాట్‌మెంట్. దాని మీద ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు, పేద కుటుంబాల పిల్లలకు కొంత అదనంగా కలుపుతారు. అలా తేలిన మొత్తంలో స్థానిక పన్ను ఎంత ఇవ్వగలదో లెక్కేస్తారు. మిగిలింది రాష్ట్రం పూడుస్తుంది. మీ ఊళ్లో ఇళ్ల విలువలు పెరిగి స్థానిక పన్ను ఎక్కువ వస్తే, రాష్ట్రం వాటా ఆ మేరకు తగ్గుతుంది. బడి చేతికి వచ్చేది అంతే ఉంటుంది. కట్టే చేయి మాత్రం మారుతుంది.

ఒక ఉదాహరణ. ఒక డిస్ట్రిక్టుకు సూత్రం ప్రకారం 10 కోట్ల డాలర్లు రావాలి అనుకుందాం. నిరుడు స్థానిక పన్ను 6 కోట్లు, రాష్ట్రం 4 కోట్లు ఇచ్చాయి. ఈ ఏడు విలువలు పెరిగి స్థానిక పన్ను 7 కోట్లయింది. పిల్లల సంఖ్య అంతే ఉంటే రాష్ట్రం 3 కోట్లు ఇచ్చి ఊరుకుంటుంది. మీరంతా కలిసి కోటి డాలర్లు ఎక్కువ కట్టారు. మీ బడికి ఒక్క డాలరు పెరగలేదు. రేటులో చివరి కొన్ని సెంట్ల దగ్గర ఈ నియమానికి సడలింపు ఉంది, దాని గురించి ప్రజలను అడగకుండా పన్ను పెంచడం మీది ప్రశ్నలో చెబుతాను. ప్రధాన భాగానికి మాత్రం లెక్క ఇదే.

ఇప్పుడు ఆ మూల మొత్తం కథ చూడండి. 2019లో దాన్ని 5,140 నుంచి 6,160 డాలర్లకు పెంచారు. ఆ తర్వాత ఆరేళ్లు అది కదలలేదు. ఆ ఆరేళ్లలో కోడిగుడ్డు నుంచి బీమా దాకా ప్రతి ధరా పెరిగింది. కరోనా కాలంలో కేంద్రం ఇచ్చిన సాయం కొన్నాళ్లు లోటును కప్పి ఉంచింది. అది 2024లో అయిపోయింది. టీచర్ల కోత, పెద్ద తరగతులు, లోటు బడ్జెట్లు అన్నీ ఆ తర్వాత ఒక్కసారిగా బయటపడ్డాయి. బోర్డు సమావేశంలో ట్రస్టీల మీద అరిచే వాళ్లను చూసినప్పుడు నాకు కలిగే బాధ ఇదే: ఆ గదిలో ఉన్నవాళ్లెవరి చేతిలోనూ ఆ అంకె లేదు.

2025లో రాష్ట్రం 850 కోట్ల డాలర్లు ఇచ్చింది కదా? లోటు ఇంకా ఎందుకు?

ఇచ్చింది, అది చిన్న మొత్తం కాదు. కానీ అందులో చాలా భాగానికి ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే రాసి పెట్టారు. ముఖ్యమైనది టీచర్ల జీతాల పెంపు. 5,000 మందికి పైగా పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్న టీచరుకు 2,500 డాలర్లు, ఐదేళ్లు, అంతకు మించి ఉన్నవారికి 5,000. చిన్న డిస్ట్రిక్టుల్లో అవి 4,000, 8,000. టీచర్లకు ఇది దక్కాల్సిందే. అయితే డిస్ట్రిక్ట్ తన ఇష్టానుసారం వాడుకోగల మూల మొత్తం పెరిగింది 55 డాలర్లే. 6,160 కాస్తా 6,215 అయింది.

రాబిన్‌హుడ్ అంటే మన డబ్బు ఎక్కడికో పంపేయడమా?

పంపడం నిజం. ఎందుకు పంపుతారో తెలియకుండా దాన్ని తిట్టడం మాత్రం సరికాదు.

శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ ఉంది. 1968లో అక్కడి విద్యార్థులు శిథిలమైన భవనాలు, అర్హత లేని టీచర్లు వద్దంటూ తరగతుల నుంచి బయటికి నడిచారు. ఎడ్జ్‌వుడ్‌లో ఎక్కువ రేటుతో పన్ను కట్టినా, తక్కువ రేటు కట్టే పక్క డిస్ట్రిక్టుకు వచ్చినంత డబ్బు వచ్చేది కాదు. కారణం ఒక్కటే, అక్కడి ఇళ్ల విలువ తక్కువ. డెమెట్రియో రోడ్రిగ్జ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల వాదన తోసిపుచ్చింది. చదువు కేంద్ర రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. వాళ్లు ఊరుకోలేదు. రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా మళ్లీ పోరాటం సాగింది. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ వైపు తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు ఒత్తిడితోనే 1993లో రీక్యాప్చర్ అనే పద్ధతి వచ్చింది, రాబిన్‌హుడ్ అని పిలిచేది దీన్నే. సూత్రం ప్రకారం రావలసిన దానికంటే ఎక్కువ స్థానిక పన్ను వసూలయ్యే డిస్ట్రిక్ట్ ఆ మిగులును రాష్ట్రానికి కట్టాలి. ప్లేనో ఏళ్ల తరబడి కడుతోంది. అందరికంటే ఎక్కువ కట్టే డిస్ట్రిక్ట్ ఆస్టిన్.

కట్టకపోతే ఏమవుతుంది? హ్యూస్టన్ ఆ ప్రయత్నం చేసింది. 2016 నవంబరులో అక్కడి ఓటర్లు రాష్ట్రానికి చెల్లించే ప్రతిపాదనను తిరస్కరించారు. అప్పుడు ఖరీదైన వాణిజ్య ఆస్తులను హ్యూస్టన్ నుంచి విడదీసి వేరే డిస్ట్రిక్టుకు కలిపే పరిస్థితి వచ్చింది. 2017 మేలో మళ్లీ ఓటు పెడితే ఒప్పుకున్నారు.

నా అభిప్రాయం చెబుతాను. పేద ఊరి పిల్లవాడికి సమానమైన బడి దక్కాలన్న ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రుల మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. పల్లెటూరి సర్కారు బడిలో చదివి ఇక్కడికి వచ్చిన మనలో చాలామందికి అది వేరే చెప్పనక్కర్లేదు. అభ్యంతరం చెప్పవలసింది వేరే చోట. స్థానిక పన్ను పెరిగే కొద్దీ రాష్ట్రం తన చేతిలోంచి ఇచ్చే వాటా తగ్గించుకోగలుగుతోంది. మూల మొత్తం ఏటా ధరలతో పాటు పెరిగి ఉంటే ఈ సమానత్వం అందరినీ పైకి తెచ్చేది.

పన్ను రేటు తగ్గించామని డిస్ట్రిక్ట్ అంటోంది. నా బిల్లు పెరిగింది. ఎవరి మాట నిజం?

రెండూ నిజమే. లెక్క చూడండి. నిరుడు మీ ఇంటి విలువ 4 లక్షల డాలర్లు. సొంత ఇంట్లో ఉండేవాళ్లకు ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు లక్షా 40 వేలు తీసేస్తే పన్ను పడేది 2 లక్షల 60 వేల మీద. రేటు 1.05 డాలర్లయితే పన్ను 2,730 డాలర్లు. ఈ ఏడు విలువ 10 శాతం పెరిగి 4 లక్షల 40 వేలయింది. మినహాయింపు అంతే ఉంది కాబట్టి పన్ను పడేది 3 లక్షల మీద. రేటు 1.00కి తగ్గినా పన్ను 3,000 డాలర్లు. అంటే 270 డాలర్లు ఎక్కువ.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఇంటి విలువ 10 శాతమే పెరిగినా, పన్ను పడే విలువ 15 శాతానికి పైగా పెరిగింది. మినహాయింపు స్థిరమైన అంకె కావడమే కారణం.

హోమ్‌స్టెడ్ మినహాయింపు ఎవరికి, ఎంత?

సొంత ఇంట్లో తామే ఉంటున్న వాళ్లకు, ఒక్క ఇంటికి. స్కూల్ పన్ను వరకు ఇది 2015లో 25 వేలు, 2022లో 40 వేలు, 2023లో లక్ష అయింది. 2025 నవంబరులో రాష్ట్ర ఓటర్ల ఆమోదంతో లక్షా 40 వేలకు చేరింది, అదే ఏడాది పన్నుకు వర్తించింది. దీనివల్ల డిస్ట్రిక్టులు కోల్పోయే ఆదాయాన్ని రాష్ట్రం భర్తీ చేస్తుంది.

దరఖాస్తు ఉచితం. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో మీరే చేసుకోవచ్చు. ఇల్లు కొన్న వారం పది రోజుల్లో "హోమ్‌స్టెడ్ నమోదుకు ఇంత పంపండి" అంటూ ప్రభుత్వ కాగితంలా కనిపించే ఉత్తరాలు వస్తాయి. వాటికి ఒక్క డాలరు కూడా పంపవద్దు. డ్రైవింగ్ లైసెన్సు మీద కొత్త ఇంటి చిరునామా ఉండాలి, కాబట్టి ముందు అది మార్చుకోండి. గడువు ఏప్రిల్ 30. దాటిపోయినా పన్ను గడువు తేదీ నుంచి రెండేళ్ల వరకు ఆలస్యంగా దరఖాస్తు చేసే వీలుంది. ఏళ్ల తరబడి ఇది చేసుకోని కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఈ రోజే మీ ఇంటి రికార్డు తెరిచి చూసుకోండి.

ఇంకో ప్రయోజనం: హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి పన్ను లెక్కలో వాడే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. ఈ పరిమితి మినహాయింపు వచ్చిన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది. అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఈ మినహాయింపూ లేదు, ఈ 10 శాతం హద్దూ లేదు.

కొత్త ఇల్లు కొన్నాం. మొదటి ఏడాది పన్ను చాలా తక్కువ వచ్చింది, రెండో ఏడాది మూడు రెట్లయింది. పొరపాటు జరిగిందా?

పొరపాటు కాదు. మన వాళ్లను ఇంతగా దెబ్బ తీసే విషయం ఇంకొకటి లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

టెక్సాస్‌లో జనవరి 1న ఆస్తి ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి ఆ ఏడాది విలువ కడతారు. ఆగస్టులో మీరు తాళాలు తీసుకున్న ఇల్లు, ఆ జనవరి 1న ఖాళీ స్థలమో, పునాది పోసిన స్థలమో అయి ఉంటుంది. అక్టోబరులో వచ్చే బిల్లు ఆ స్థలం మీదే. రుణం ఇచ్చిన సంస్థ ఆ చిన్న బిల్లునే చూసి ఎస్క్రోకి (వాయిదాతో పాటు పన్ను డబ్బు వసూలు చేసి ఉంచే ఖాతాకి) నెలకు కొంచెమే పక్కన పెడుతుంది. మరుసటి జనవరి 1కి ఇల్లు నిలబడి ఉంది. అక్టోబరులో పూర్తి ఇంటి మీద బిల్లు వస్తుంది. కొత్త కట్టడానికి 10 శాతం హద్దు వర్తించదు. ఎస్క్రోలో డబ్బు చాలదు. అప్పుడు సంస్థ నుంచి ఉత్తరం వస్తుంది: ఈ ఏటి లోటు ఇంత కట్టండి, దానితో పాటు వచ్చే ఏటి కోసం నెలవారీ వాయిదా ఇంత పెంచుతున్నాం అని. రెండూ కలిసి నెలకు కొన్ని వందల డాలర్ల దెబ్బ అవుతుంది.

ఇది ముందే తెలిస్తే తప్పించుకోవచ్చు. ఇంటి ధరలోంచి లక్షా 40 వేలు తీసేసి స్కూల్ రేటుతో లెక్క కట్టండి. సిటీ, కౌంటీ, మడ్ వగైరాలను వాటి వాటి రేట్లతో కలపండి. పన్నెండుతో భాగించి, ఎస్క్రోకి పోతున్న దానితో పోల్చండి. తేడాను మొదటి నెల నుంచే పక్కన పెట్టుకోండి, లేదా ఎస్క్రో మొత్తం పెంచమని సంస్థను అడగండి.

మా ఇంట్లో అమ్మానాన్నలకు 65 దాటాయి. వాళ్ల వల్ల పన్ను తగ్గుతుందా?

మినహాయింపు యజమాని వయసును బట్టి. ఇంట్లో ఉంటున్నంత మాత్రాన రాదు. యజమానికే 65 దాటితే స్కూల్ పన్నులో మరో 60 వేలు కలిసి మొత్తం 2 లక్షల డాలర్ల విలువ మీద పన్ను ఉండదు. ఆపైన స్కూల్ పన్నుకు గరిష్ఠ హద్దు పడుతుంది: ఇంటికి కొత్తగా గదులు కడితే తప్ప అర్హత వచ్చిన ఏడాది పన్ను మొత్తం దాటి పెరగదు. మన మొదటి తరం వాళ్లు ఇప్పుడు ఈ వయసుకు వస్తున్నారు. పుట్టినరోజు దాటగానే అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డులో అది చేరిందో లేదో చూసుకోవాలి.

హెచ్-1బీ వీసా మీద ఉన్నాం. మాకు హోమ్‌స్టెడ్ వస్తుందా? ఓటు ఉంటుందా?

హోమ్‌స్టెడ్ వస్తుంది. పౌరసత్వం అడగరు. ఇల్లు మీదై, మీరే అందులో ఉండాలి, అంతే. ఓటు మాత్రం అమెరికా పౌరులకే. గ్రీన్‌కార్డు ఉన్నా స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయకూడదు. ఈ విషయంలో పొరపాటు ఇమిగ్రేషన్ మీదికి వస్తుంది, జాగ్రత్త. బడ్జెట్ విచారణలో మాట్లాడడానికి, విలువను సవాలు చేయడానికి, ట్రస్టీలకు ఉత్తరం రాయడానికి ఏ వీసా అయినా అడ్డు కాదు.

ఇండియా వెళ్లి పిల్లలను రెండు వారాలు బడి మాన్పిస్తే బడ్జెట్‌కు నష్టమా?

అవును. టెక్సాస్‌లో డబ్బు వచ్చేది పేరు నమోదైన పిల్లల సంఖ్య మీద కాదు, సగటు రోజువారీ హాజరు మీద. మూల మొత్తం 6,215 డాలర్లను సుమారు 175 బడి రోజులకు పంచితే ఒక్క పిల్లవాడి ఒక్క రోజుకు 35 డాలర్ల పైమాటే. క్రిస్మస్ సెలవులకు ముందో వెనకో రెండు వారాలు కలుపుకొని వెళ్లే కుటుంబాలు మన బడుల్లో ఎన్ని ఉంటాయో మనకు తెలుసు. బస్సు, టీచరు, కరెంటు ఖర్చులు ఆ రోజుల్లో తగ్గవు. పైగా కారణం లేని గైర్హాజరు ఆరు నెలల్లో పది రోజులు చేరితే హాజరు చట్టం కింద ఇబ్బంది వస్తుంది.

చాలామందికి తెలియని రెండు వెసులుబాట్లు ఉన్నాయి. మత సంబంధమైన పండుగకు మానితే, తల్లిదండ్రులు ముందుగా రాసిస్తే, ఆ రోజు హాజరు కిందే లెక్క. దీపావళికీ వినాయక చవితికీ ఇది వాడుకోవచ్చు. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా, అదే రోజు కాసేపైనా బడికి పంపి డాక్టరు కాగితం ఇస్తే హాజరు పడుతుంది.

ప్రజలను అడగకుండా డిస్ట్రిక్ట్ పన్ను పెంచగలదా?

ఒక హద్దు వరకే. నిర్వహణ రేటులో ప్రధాన భాగాన్ని రాష్ట్రం నిర్ణయిస్తుంది, అది కొన్నేళ్లుగా తగ్గుతూ వస్తోంది. దాని మీద డిస్ట్రిక్ట్ 17 సెంట్ల వరకు కలుపుకోవచ్చు. మొదటి 8 సెంట్లను బంగారు పెన్నీలంటారు, వాటి మీద వచ్చిన దానికి రీక్యాప్చర్ లేదు. తర్వాతి 9 రాగి పెన్నీలు, వాటికి ఉంది. నిర్ణీత పరిమితి దాటాలంటే నవంబరులో ఓటు పెట్టాల్సిందే.

ఫ్రిస్కో ఓటర్లు 2016లో ఇలాంటి పెంపును తిరస్కరించారు, 2018లో ఆమోదించారు, 2024 నవంబరులో మళ్లీ కాదన్నారు. ఒక సెంటు పెంపు అంటే మీకెంతో తెలుసుకుని ఓటు వేయండి: 5 లక్షల ఇంటికి పన్ను పడేది 3 లక్షల 60 వేల మీద, కాబట్టి ఏడాదికి 36 డాలర్లు, నెలకు 3.

నిల్వ నిధి అంత పెట్టుకుని లోటు అంటారేమిటి?

చాలా డిస్ట్రిక్టుల ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. పన్ను డబ్బు వచ్చేది డిసెంబరు, జనవరిలో. మధ్యలో జీతాలు ఆగకూడదు. రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండడం వివేకమే. ఒకసారి ఖర్చయ్యే నిల్వతో ఏటా ఇవ్వాల్సిన జీతం పెంపు ఇవ్వలేరు. అంతకు మించి ఎంత ఉంది, ఎందుకు ఉంది అని అడగడం మాత్రం మీ హక్కు.

ఊరు పెరుగుతుంటే బడులు ఎందుకు మూసేస్తున్నారు?

ఊరు పెరిగినా పిల్లలు తగ్గవచ్చు. ఇళ్ల ధరలు పెరిగి చిన్న పిల్లలున్న జంటలు ఇంకా ఉత్తరానికి వెళ్తున్నారు. పాత కాలనీల్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ప్లేనో బోర్డు 2024 జూన్‌లో రెండు ప్రాథమిక, రెండు మిడిల్ స్కూళ్లు మూయాలని నిర్ణయించింది. సగం నిండిన బడికీ ప్రిన్సిపాల్, నర్సు, లైబ్రేరియన్ కావాలి. పిల్లల లెక్కన వచ్చే డబ్బుతో ఆ బడి నడవదు.

విలువను ప్రొటెస్ట్ చేస్తే మా బడికే నష్టం చేసినట్టా?

కాదు, సంకోచం వద్దు. మీరు కట్టేది తగ్గితే సూత్రం ప్రకారం సాధారణంగా రాష్ట్రం వాటా పెరుగుతుంది. గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, రెండింటిలో ఏది ఆలస్యమైతే అది. మీ వీధిలో జనవరి 1కి దగ్గరగా అమ్ముడైన ఇళ్ల ధరలు, మరమ్మతు అవసరమైన చోట్ల ఫోటోలు, కాంట్రాక్టరు అంచనాలు సిద్ధం చేసుకోండి. కొత్త ఇల్లయితే కొనుగోలు ముగింపు (క్లోజింగ్) పత్రంలోని ధర చాలా బలమైన ఆధారం. "పన్ను ఎక్కువ" అన్న వాదన అక్కడ పనికిరాదు. విలువ గురించే మాట్లాడాలి.

పిల్లలు లేరు, లేదా ప్రైవేటు బడికి పంపుతున్నాం. పన్ను తప్పుతుందా?

తప్పదు. ప్రైవేటు చదువుకు రాష్ట్రం 2025లో 100 కోట్ల డాలర్లతో వేరే పథకం ఆమోదించింది. అది 2026-27 విద్యా సంవత్సరం నుంచి. దానికీ మీ ఇంటి పన్నుకూ లంకె లేదు.

బిల్లు ఎప్పటికి కట్టాలి?

జనవరి 31. ఫిబ్రవరిలో కడితే జరిమానా, వడ్డీ కలిపి 7 శాతం. నెల నెలా పెరుగుతుంది. బిల్లు అందలేదన్నది కారణం కాదు. ఎస్క్రో ఉన్నా సరే, జనవరి మొదటి వారంలో కౌంటీ సైటులో కట్టినట్టు నమోదైందో లేదో చూడండి.

మా మాట ఎక్కడ, ఎప్పుడు చెప్పాలి?

జూలైలో ఏడాది మొదలయ్యే డిస్ట్రిక్టుల్లో బడ్జెట్ మీద బహిరంగ విచారణ జూన్‌లో జరుగుతుంది. దాని నోటీసు కనీసం పది రోజుల ముందు పత్రికలో వేయాలి. అప్పటికే అంకెలు చాలావరకు ఖాయమై ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో జరిగే బడ్జెట్ చర్చలకు వెళ్లడం మేలు. జూలై 25 నాటికి తుది విలువలు వస్తాయి, ఆ తర్వాత పన్ను రేటు ఖాయం చేస్తారు. ట్రస్టీల ఎన్నిక చాలా చోట్ల మేలో. అప్పుడు ఓటు వేసేవాళ్లు తక్కువ కాబట్టి ఒక కాలనీ కదిలినా ఫలితం మారుతుంది.

మూల మొత్తం గురించైతే మీ రాష్ట్ర ప్రతినిధికి, సెనేటరుకు రాయండి. శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు. బిల్లు కమిటీలో ఉన్నప్పుడు రాసిన ఉత్తరానికి ఉన్న బలం, మేలో రాసినదానికి ఉండదు.

బోర్డు సమావేశంలో మాట్లాడాలంటే ముందుగా పేరు ఇవ్వాలి. మామూలుగా మూడు నిమిషాలు ఇస్తారు. ఇంగ్లీషులో మాట్లాడడం కష్టమైన పెద్దవాళ్లు అనువాదకుడిని వెంట తీసుకుని తెలుగులోనే మాట్లాడవచ్చు. అలా అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని టెక్సాస్ బహిరంగ సమావేశాల చట్టంలో ఉంది. పేరు ఇచ్చేటప్పుడే ఆ సంగతి రాయండి.